బీపు పెట్టెలో తంబురా శ్రుతి

1986వ సంవత్సరపు చలికాలంలో మా ఇంటి శ్రుతిపెట్టె తిత్తి చినిగిపోయింది. ఇంగ్లండులో మేము అప్పుడు కాపురమున్న ఊరిలో దానిని బాగుచేయగల పనివాడు లేడు. మా తంబురా బెజవాడలో అత్తవారింటి గోడకు ఆనించి ఉన్నది. అది విమానంలో వెంట తెచ్చుకోగలిగే వస్తువు కాదు. మా శ్రీమతి అమ్మాయికి సరళీ వరుసలు చెబుతున్న రోజులవి. ఆధార శ్రుతి లేకపోవడం వల్ల పిల్ల మొదటి వరుసను ఒక షడ్జంలో ఎత్తుకొని, నాలుగవ వరుసకు వచ్చేసరికి తనకు తెలియకుండానే మరొక షడ్జంలోకి జారిపోయేది.

ఒక సాయంత్రం మా శ్రీమతి, "ఏమండీ, మీరూ అబ్బాయీ తెల్లవార్లూ ఆ కంప్యూటరు ముందు కూర్చుంటారు కదా! అది 'స ప స' పలుకుతుందేమో చూడకూడదూ?" అన్నది.

ఎగతాళికి అన్నదో, నిజంగా అడిగిందో తెలియలేదు. వృత్తిరీత్యా విద్యుత్ ఇంజనీరును కనుక నేను మాత్రం నిజంగానే తీసుకున్నాను. ఒకేసారి ఒక్క బీపు శబ్దం మాత్రమే చేయగలిగిన యంత్రం చేత మూడు స్వరాలను కలిపి పలికించడం ఎలాగ? ఆ ప్రశ్నకు సమాధానం వెదకుతూ నేర్చుకొన్న సంగతులను పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

స్పెక్ట్రమ్ అనే చిన్న పెట్టె

మా ఇంట ఉన్నది జెడ్ ఎక్స్ స్పెక్ట్రమ్ అనే కంప్యూటరు. కేంబ్రిడ్జి నగరానికి చెందిన సింక్లెయిర్ రిసెర్చ్ సంస్థ దానిని 1982 ఏప్రిల్‌లో విడుదల చేసింది. 16 కిలోబైట్ల మెమరీ గలది 125 పౌనులు, 48 కిలోబైట్లది 175 పౌనులు. నల్లని చిన్న పెట్టె, రబ్బరు మీటలు. తెరగా ఇంట్లోని టెలివిజనే; ప్రోగ్రాములను దాచడానికి మామూలు క్యాసెట్ టేపు రికార్డరే. ఆ దశాబ్దంలో బ్రిటన్‌లో పెరిగిన పిల్లలలో ఎందరో ప్రోగ్రామింగు నేర్చుకొన్నది ఈ పెట్టె మీదనే. మన పాఠకులలో కొందరికి ఆ రబ్బరు మీటల స్పర్శ ఇంకా గుర్తుండే ఉంటుంది.

దానిలోని ప్రాసెసరు జెడ్ 80 ఏ. సెకనుకు 35 లక్షల గడియారపు టిక్కులతో అది పని చేస్తుంది. ఆ ఏడాదిలోనే వచ్చిన కమొడోర్ 64 కంప్యూటరులో సంగీతం కోసం మూడు స్వరాలు పలికే ప్రత్యేకమైన చిప్పు ఉన్నది. ధర తగ్గించడమే పరమావధిగా తయారైన స్పెక్ట్రమ్‌లో అటువంటిదేమీ లేదు. పెట్టె లోపల ఒక చిన్న స్పీకరు, దానికి ఒక్క తీగె, అంతే. దానినే వాడుకలో 'బీపరు' అనేవారు.

బేసిక్ భాషలో దానిని పలికించడానికి 'బీప్' అనే ఆజ్ఞ ఉన్నది. దానికి రెండు సంఖ్యలు ఇవ్వాలి. మొదటిది ఎన్ని సెకన్లు పలకాలో చెబుతుంది. రెండవది మధ్యస్థాయి 'సి' స్వరానికి ఎన్ని అర మెట్లు పైన లేక క్రింద పలకాలో చెబుతుంది. 'సి'ని షడ్జంగా తీసుకొంటే, రెండవ సంఖ్యగా వరుసగా 0, 1, 4, 5, 7, 8, 11, 12 ఇస్తే మాయామాళవగౌళ ఆరోహణ వస్తుంది. మా అబ్బాయి పది నిమిషాలలో దీనిని టైపు చేసి చెల్లెలిని ఆశ్చర్యపరిచాడు. పూర్ణాంకాలే ఇవ్వాలన్న నియమం కూడా లేదు. అర మెట్టు కన్న చిన్న అంతరాలు కావాలంటే భిన్నాలు ఇవ్వవచ్చునని చెబుతూ, కంప్యూటరుతో ఇచ్చిన పుస్తకం భారతీయ సంగీతాన్నే ఉదాహరణగా పేర్కొన్నది. అది చదివినప్పుడు మాకు కలిగిన సంతోషం చెప్పనలవి కాదు.

అయితే చిక్కు వెంటనే ఎదురైంది. బీప్ ఆజ్ఞ ఒక స్వరాన్ని పూర్తిగా పలికిన తరువాతనే రెండవ దానికి వెళుతుంది. 'స' తరువాత 'ప' వస్తుందే గాని, 'స'తో పాటు 'ప' రాదు. శ్రుతికి కావలసినదేమో ఆ రెండూ కలిసి నిలిచి ఉండడం.

రెండే స్థానాలు గల స్పీకరు

స్పెక్ట్రమ్‌లో స్పీకరుకు పోయే మార్గం 254వ నంబరు పోర్టు. ఆ పోర్టుకు పంపే సంఖ్యలో ఒకే ఒక బిట్టు స్పీకరును నడుపుతుంది. దాని విలువ 16. ఆ బిట్టు 1 అయితే స్పీకరులోని పొర ఒక స్థానానికి జరుగుతుంది, 0 అయితే మొదటి స్థానానికి తిరిగి వస్తుంది. సగం దూరం జరగడమనేది లేదు. మెల్లగా, గట్టిగా అనే భేదమూ లేదు. ఒకసారి జరిగితే వినవచ్చేది 'టక్' మనే చప్పుడు మాత్రమే.

ఆ చప్పుడును సమానమైన వ్యవధులతో వేగంగా చేస్తే అది స్వరమవుతుంది. మా అమ్మాయి పాడే ఐదు శ్రుతి షడ్జం పౌనఃపున్యం సుమారు 196 హెర్ట్జ్. అంటే సెకనుకు 196 కంపనాలు. 35 లక్షల టిక్కులను 196తో భాగిస్తే ఒక్కొక్క కంపనానికి 17,857 టిక్కులు వస్తాయి. అందులో సగం కాలం బిట్టును 1గాను, మిగతా సగం 0గాను ఉంచితే షడ్జం పలుకుతుంది. బీప్ ఆజ్ఞ లోపల చేసే పని ఇదే. స్పీకరుకు సంఖ్యను పంపే ఆజ్ఞకు పట్టేది 11 టిక్కులు. తక్కిన వేల టిక్కులూ ప్రాసెసరు ఊరకే లెక్కపెడుతూ కాలం గడుపుతుంది. ఈ 'ఊరక గడిపే కాలమే' మన మూలధనం. ఇక్కడినుంచి చెప్పబోయే ఉపాయాలన్నీ దానిని ఎలా ఖర్చు పెట్టాలన్న దాని మీదనే ఆధారపడి ఉన్నాయి.

ఇలా పుట్టిన ధ్వనిని కాగితం మీద గీస్తే కోట బురుజు పళ్ళలాగ చదునుగా లేచి చదునుగా పడుతుంది. దీనిని చతురస్ర తరంగం అంటారు. ఏ వాద్యంలోనైనా మూలస్వరంతో పాటు దానికి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు పౌనఃపున్యం గల అనుస్వరాలు కూడా సన్నగా పలుకుతూ ఉంటాయి. వీణకు వీణ నాదం, వేణువుకు వేణు నాదం ఉండడానికి ముఖ్య కారణం ఈ అనుస్వరాల పాళ్ళలోని భేదమే. చతురస్ర తరంగంలో బేసి అనుస్వరాలే ఉంటాయి: మూడవది మూలస్వరంలో మూడవ వంతు బలంతోను, ఐదవది ఐదవ వంతు బలంతోను. రెండవది, నాలుగవది, ఆరవది ఉండవు. పైగా ఆ పాళ్ళు మొదటినుంచి చివరిదాకా మారవు. అందువల్లనే బీపు శబ్దం డొల్లగా, ప్రాణం లేనట్లుగా వినిపిస్తుంది.

మొదటి ప్రయత్నం: కొరవి త్రిప్పుట

చీకటిలో కొరవిని వేగంగా త్రిప్పితే నిప్పుల చక్రం కనబడుతుంది. మన పెద్దలు దానిని అలాతచక్రమన్నారు. నిజానికి అక్కడ చక్రం లేదు. ఒకే నిప్పుకణం చోటు మారుతున్నది. చెవిని కూడా అలాగే మభ్యపెట్టవచ్చునా? 'స', 'ప', పై 'స' - ఈ మూడింటిని ఒకదాని వెంట ఒకటిగా, ఒక్కొక్కటి సెకనులో యాభయ్యవ వంతు మాత్రమే పలికిస్తే?

కొంతవరకు వీలవుతుంది. స్వరాలు విడివిడిగా గాక ఒక గుంపుగా వినిపిస్తాయి. ఆనాటి ఆటలలో ఈ ఉపాయాన్ని విరివిగా వాడారు. అయితే ఆ గుంపు గలగలలాడుతూ ఉంటుంది. కుండలో గులకరాళ్ళు కదిపినట్లు ఒక గరగర దానితో పాటు వస్తుంది. హుషారైన ఆట పాటకు అది సరిపోవచ్చు గాని, కళ్ళు మూసుకొని ఆధారం చేసుకోవలసిన శ్రుతికి పనికిరాదు. మా శ్రీమతి విని, "ఇది శ్రుతి కాదండీ, కీచురాయి" అని తేల్చివేసింది.

రెండవ ప్రయత్నం: కాలాన్ని పంచుకొనుట

స్వరాలను మార్చి మార్చి పలికించడంలో తప్పు లేదు. మార్చే వేగమే చాలలేదు. సెకనుకు యాభై సార్లు గాక, పంతొమ్మిది వేల సార్లు మార్చితే ఏమవుతుంది?

ఇక్కడ మనకు సాయపడేది స్పీకరు జడత్వం. ఊయలను మెల్లగా ఊపితే అది మన చేతితో పాటు కదులుతుంది. అదే ఊయలను సెకనుకు వంద సార్లు వ్రేలితో తట్టితే ప్రతి తట్టుకూ కదలదు. తట్లన్నింటి సగటు బలం ఎటు ఉంటే అటు ఒరుగుతుంది. స్పీకరు పొర కూడా అంతే. బిట్టును అత్యంత వేగంగా మార్చితే పొర ఆ మార్పులను వెంబడించలేక వాటి సగటు స్థానంలో నిలుస్తుంది. పొర వెంబడించిన కాస్త కదలికను కూడా మన చెవి వినలేదు. ఎందుకంటే మనిషి చెవికి సుమారు 20,000 హెర్ట్జ్ పై హద్దు. వయసు మీరిన కొద్దీ ఆ హద్దు ఇంకా క్రిందికి దిగుతుంది.

దీని ఫలితం చాలా గొప్పది. 'లేదు', 'ఉంది' అనే రెండు స్థానాలు మాత్రమే తెలిసిన తీగెకు ఇప్పుడు మధ్యస్థానాలు కూడా లభించాయి.

నేను యంత్రభాషలో వ్రాసిన ప్రోగ్రాము ఇది. ఒక చుట్టుకు 180 టిక్కులు. అందులో మొదటి 60 'స'కు, తరువాతి 60 'ప'కు, చివరి 60 పై 'స'కు కేటాయించాను. ఒక్కొక్క స్వరానికి ఒక లెక్క ఉంటుంది. తన వంతు రాగానే ఆ లెక్కలో ఒకటి తగ్గించి, ఆ స్వరపు తరంగం ప్రస్తుతం పైన ఉంటే స్పీకరుకు 1, క్రింద ఉంటే 0 పంపాలి. వెంటనే తరువాతి స్వరం వంతు. మూడు వంతులలో ఎన్ని 1లు ఉన్నాయో దానిని బట్టి సగటు సున్న, మూడింట ఒకటి, మూడింట రెండు, లేదా పూర్తి - ఇలా నాలుగు మెట్లు దొరుకుతాయి. మూడు తరంగాలను కూడితే రావలసినవి సరిగ్గా ఈ నాలుగు మెట్లే! అంటే మూడు స్వరాలూ నిజంగానే కలిశాయన్న మాట.

35 లక్షలను 180తో భాగిస్తే సెకనుకు 19,444 చుట్లు. వినికిడి హద్దుకు దగ్గరగా ఉండడం వల్ల ఈ చుట్ల శబ్దం మాకు వినబడలేదు. సోమరితనంతో చుట్టును 400 టిక్కులకు పెంచి ఉంటే, సెకనుకు 8,750 చుట్లు అయి, స్వరాల వెనుక సన్నని ఈల నిరంతరం వినిపించేది. స్వరాల సంఖ్య పెంచిన కొద్దీ చుట్టు పొడుగవుతుంది. చుట్టు పొడుగైన కొద్దీ ఈల క్రిందికి దిగివస్తుంది. పైగా ఒక్కొక్క స్వరానికి దక్కే బలం కూడా తగ్గిపోతుంది. ఈ పంపకంలో ఎవరి వాటా పెంచినా మరొకరి వాటా తగ్గవలసిందే.

ఆ రాత్రి మా వంటగది బల్ల మీద స్పెక్ట్రమ్ 'స ప స' పలికింది. సన్నగా, డొల్లగా పలికినా, మూడూ కలిసే పలికాయి. అమ్మాయి దాని ప్రక్కన కూర్చుండి రెండు వరుసలు పాడింది.

మూడవ ప్రయత్నం: తరంగాన్ని సన్నగిల్లజేయుట

శ్రుతి నిలిచింది గాని జీవం లేదు. తంబురాలో తీగె క్రింద నూలుపోగును అటూ ఇటూ జరిపి 'జీవాళి' పట్టడం మనకు తెలిసినదే. అది సరిగా కుదిరినప్పుడు ఒక్క తీగె నుండే ఎన్నో అనుస్వరాలు తేనెటీగల ఝంకారంలాగ విచ్చుకొంటాయి. మన చతురస్ర తరంగంలో సగం అనుస్వరాలు అసలే లేవని చెప్పుకొన్నాము. వాటిని తెప్పించడం ఎలాగ?

ఉపాయం ఆశ్చర్యం కలిగించేటంత సులభమైనది. కంపన కాలంలో సగం 1, సగం 0 అనే సమానత్వమే సరి అనుస్వరాలను చంపివేస్తున్నది. ఆ సమానత్వాన్ని చెరిపివేయాలి. కాలంలో నాలుగవ వంతు మాత్రమే 1గా ఉంచితే రెండవ అనుస్వరం వచ్చి చేరుతుంది. నాలుగవది, ఎనిమిదవది మాత్రం పోతాయి. పదవ వంతు ఉంచితే పదవది, దాని గుణిజాలు తప్ప తక్కినవన్నీ ఉంటాయి. మొదటి నాలుగైదూ ఇంచుమించు సమాన బలంతో మోగుతాయి. సూదిమొనలవంటి ఈ సన్నని తరంగం నాదం నిజంగానే లోహపు తీగె మీటినట్లుంటుంది.

మరొక లాభం కూడా ఉన్నది. చిన్న స్పీకరు మంద్ర పౌనఃపున్యాలను సరిగా పలకలేదు. అయినా అనుస్వరాలు వరుసగా ఉన్నప్పుడు, వాటి నడుమ అంతరాన్ని బట్టి మెదడు మూలస్వరాన్ని తానే ఊహించుకొంటుంది. మూలస్వరం గాలిలో బలహీనంగా ఉన్నా మనకు దాని స్థాయి తెలుస్తుంది. అంటే అనుస్వరాలను పెంచడం వల్ల చిన్న స్పీకరుకు లేని మంద్రం కూడా కొంత వచ్చినట్లవుతుంది.

తరంగాన్ని సన్నబరచిన కొద్దీ ధ్వని బలం తగ్గుతుంది. ఇది ఒక నష్టమే గాని, దీనినే ఉపయోగించుకోవచ్చు. స్వరం ఎత్తుకొన్నప్పుడు వెడల్పుగా ఉంచి, క్రమక్రమంగా సన్నబరిస్తే మీటిన తీగె నాదం సన్నగిల్లుతున్నట్లు వినిపిస్తుంది. గట్టిగా, మెల్లగా అనే భేదమే తెలియని స్పీకరుకు అలా ఆ భేదం వచ్చింది.

నేను వెడల్పును పదవ వంతుకు తగ్గించి, ఇల్లాలిని పిలిచాను. ఆమె ఒక్క నిమిషం విని, "నాదం బాగుంది. కాని పంచమం నిలవడం లేదు, వణుకుతోంది" అన్నది.

నిన్నటి డొల్ల శ్రుతిలో బయటపడని దోషం ఈనాటి నిండు శ్రుతిలో బయటపడింది! కాగితం తీసి లెక్క వేశాను. చుట్ల సంఖ్య పూర్ణాంకంగానే ఉండాలి కనుక నేను 'స'కు 100 చుట్లు, 'ప'కు 66, పై 'స'కు 50 ఇచ్చాను. అంటే 'స' 194.4 హెర్ట్జ్, 'ప' 294.6 హెర్ట్జ్. షడ్జ పంచమాల నిష్పత్తి 2:3 అని మన శాస్త్రం. ఆ ప్రకారం 'స' మూడవ అనుస్వరమూ, 'ప' రెండవ అనుస్వరమూ ఒక్కటే కావాలి. నా లెక్కలో మొదటిది 583.3, రెండవది 589.2. రెండు స్వరాలు దగ్గరగా ఉండి ఒకటి కానప్పుడు వాటి భేదమెంతో సెకనుకు అన్ని సార్లు ధ్వని హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. భౌతికశాస్త్రంలో వీటిని విస్పందనాలంటారు. మా ఇంట సెకనుకు ఆరు విస్పందనాలు. అవే ఆమె విన్న వణుకు. ముందు వాడిన చతురస్ర తరంగంలో పంచమానికి రెండవ అనుస్వరమే లేదు. అందువల్ల కలవవలసినదీ లేదు, కలవక వణకవలసినదీ లేదు!

దిద్దుబాటు కూడా లెక్కలోనే ఉన్నది. 'స' చుట్ల సంఖ్యను ఆరుతో నిశ్శేషంగా భాగించగలిగితే 'ప', పై 'స' చుట్లు రెండూ పూర్ణాంకాలవుతాయి. 100ను 102 చేశాను. 'ప' 68, పై 'స' 51. ఇప్పుడు నిష్పత్తులు అక్షరాలా 2:3, 1:2. శ్రుతి మొత్తం మీద పావు మెట్టు దిగింది గాని, దాని వల్ల పిల్ల గొంతుకు ఇబ్బంది ఏమీ లేదు. వణుకు ఆగిపోయింది. పియానో పంచమం కూడా అర మెట్లు సమానం కావడం కోసం సహజ పంచమం కన్న వెంట్రుకవాసి తక్కువగా ఉంటుంది. మా వంటగదిలోని బీపు పెట్టెలో ఆ వెంట్రుకవాసి కూడా లేదు.

దీనికి చెల్లించిన మూల్యం

ఇంత శ్రమపడి సాధించిన శ్రుతి మ్రోగుతున్నంతసేపు ఆ కంప్యూటరు మరొక పని చేయలేదు. తెర మీద ఒక్క చుక్కను కదపాలన్నా, ఎవరైనా మీట నొక్కారా అని చూడాలన్నా కొన్ని టిక్కులు కావాలి. ఆ టిక్కులు తరంగంలో నుంచే తీయాలి. తీసిన చోట నాదం బీటలు వారుతుంది. మామూలుగా సెకనుకు 50 సార్లు ప్రాసెసరు తన పని మాని మీటలను పరిశీలించి వస్తుంది. అలా వెళ్ళకుండా ముందే ఆజ్ఞ ఇచ్చి ఆపివేయాలి. ఆనాటి ఆటలలో ఇంపైన సంగీతం మొదటి తెర మీద మాత్రమే వినిపించి, ఆట మొదలు కాగానే టకటకలకు దిగిపోవడానికి కారణమిదే.

మరొక చిక్కు మెమరీది. 16384 నుండి 32767 వరకు గల భాగాన్ని ప్రాసెసరూ, తెరకు బొమ్మను పంపే చిప్పూ పంచుకొంటాయి. ఇద్దరికీ ఒకేసారి అవసరమైతే ప్రాసెసరే ఆగాలి. నేను మొదట ప్రోగ్రామును ఆ భాగంలో ఉంచి, స్వరం ఎందుకు బొంగురుపోతున్నదో తెలియక రెండు రాత్రులు వృథా చేశాను. 32768కి పైన ఉంచగానే చాలావరకు సర్దుకొన్నది. 254వ పోర్టు కూడా ఆ చిప్పు అధీనంలోనిదే కనుక స్వల్పమైన ఆలస్యాలు ఎప్పుడూ ఉంటూనే ఉంటాయి. ఆ పోర్టుకే తెర అంచు రంగు కూడా ముడిపడి ఉన్నది. స్పీకరు బిట్టుతో పాటు రంగు సంఖ్యను కూడా జాగ్రత్తగా పంపకపోతే, పాడుతున్నంతసేపు తెర చుట్టూ రంగురంగుల చారలు పరుగులు తీస్తాయి. మా అబ్బాయి అవి కావాలనే ఉంచమన్నాడు.

ఇదే దారిలో నడిచినవారు

నాకు తట్టిన ఉపాయాలన్నీ నావే అనుకొని కొన్నాళ్ళు సంబరపడ్డాను. అది ఎంత పొరపాటో తరువాత తెలిసింది. 1983లో మాథ్యూ స్మిత్ వ్రాసిన 'మానిక్ మైనర్' ఆటలో మొదటి తెర మీద స్ట్రాస్ 'బ్లూ డాన్యూబ్' స్వరం రెండు గొంతులతో పలుకుతుంది. ఆట నడుస్తున్నప్పుడు కూడా కదలికల మధ్య సందులలో గ్రీగ్ స్వరం తునకలు తునకలుగా వినవస్తుంది. ఇంకా ఇరవై ఏళ్ళైనా నిండని టిమ్ ఫాలిన్ అనే బ్రిటిష్ యువకుడు 1986లో 'ఏజెంట్ ఎక్స్', 1987లో 'క్రోనాస్' ఆటలకు కూర్చిన సంగీతం వింటే ఒక్క బిట్టు నుండి ఇది వస్తున్నదా అని నివ్వెరపోతాము. సూదిమొనల తరంగాలను ఒకదాని సందులో ఒకటి ఇమిడ్చి, ఎన్నో గొంతులను నడిపాడాయన.

తాళవాద్యాలకు మరొక యుక్తి ఉన్నది. స్వరాల నడుమ సెకనులో కొన్ని వందల వంతుల సేపు స్వరాన్ని పూర్తిగా ఆపి, స్పీకరును క్రమం లేకుండా కదిపితే డప్పు దెబ్బలాగ వినిపిస్తుంది. ఆ దెబ్బ ధాటికి స్వరం తెగిన సంగతి చెవి గమనించదు. క్రమం లేని సంఖ్యల కోసం వెదకనక్కరలేదు. కంప్యూటరు శాశ్వత మెమరీలోని ప్రోగ్రామునే వరుసగా చదువుతూ స్పీకరుకు పంపితే చాలు!

ఇది ఒక్క స్పెక్ట్రమ్ కథ మాత్రమే కాదు. 1977 నాటి ఆపిల్ 2 కంప్యూటరులో 49200 అనే చిరునామాను ముట్టుకొన్నప్పుడల్లా స్పీకరు ఒక్కసారి కదులుతుంది. ఆ ఒక్క సౌకర్యంతోనే పాల్ లూటస్ 1981లో 'ఎలక్ట్రిక్ డ్యూయెట్' పేరిట రెండు గొంతుల సంగీతం సాధించాడు. 1981లోనే వచ్చిన ఐ.బి.ఎం. పి.సి.లో స్పీకరును నడపడానికి సెకనుకు 11,93,182 సార్లు లెక్కించే ఒక చిప్పు ఉన్నది. ఆ వేగాన్ని 64తో భాగించి, సెకనుకు 18,643 స్పందనలు పంపుతూ ఒక్కొక్క స్పందన వెడల్పును 64 మెట్లలో మార్చితే, మనిషి మాటను కూడా దాని చేత పలికించవచ్చు. 1989 నాటి 'మీన్ స్ట్రీట్స్' ఆట ఆ పద్ధతినే వాడుకొన్నది. ఇంకా వెనుకకు పోతే, ఒక గది నిండా ఉండే కంప్యూటర్ల కాలంలో, 1951లోనే ఆస్ట్రేలియాలోని సీఎస్ఐఆర్ యంత్రమూ, ఇంగ్లండులో మాంచెస్టరు నగరపు ఫెరాంటీ యంత్రమూ పాటలు పలికాయి. పనివారికి హెచ్చరిక చేయడానికి అమర్చిన స్పీకర్లే వాటికి కంఠాలు.

స్పెక్ట్రమ్‌కు కూడా తరువాత మూడు స్వరాల చిప్పు వచ్చింది. 128 కిలోబైట్ల నమూనా 1985లో స్పెయిన్‌లోను, 1986లో బ్రిటన్‌లోను వెలువడింది. 1992 నాటికి స్పెక్ట్రమ్ తయారీ ఆగిపోయింది. అయినా ఒక్క బిట్టు సంగీతం ఆగలేదు. ఈనాటికీ కొందరు ఆ పాత బీపరు కోసం కొత్త పద్ధతులు కనిపెడుతూ, కొత్త స్వరాలు కూరుస్తూనే ఉన్నారు.

ముగింపు

ఎవరి అటక మీదనైనా స్పెక్ట్రమ్ మిగిలి ఉంటే, పిల్లలకు చూపించే ముందు ఒక జాగ్రత్త. దాని విద్యుత్ సరఫరా 9 వోల్టులది. ప్లగ్గు నడుమ ఉన్నది ఋణ ధ్రువం. ఇప్పుడు దొరికే సరఫరాలు చాలావరకు దీనికి వ్యతిరేకంగా ఉంటాయి. చూసుకోకుండా తగిలిస్తే యంత్రం పాడవుతుంది. దశాబ్దాలనాటి కెపాసిటర్లను కూడా తెలిసినవారి చేత పరీక్ష చేయించడం మంచిది. ఆ తరువాత బేసిక్‌లో 'ఔట్ 254, 23' అనే ఆజ్ఞనూ, 'ఔట్ 254, 7' అనే ఆజ్ఞనూ మార్చి మార్చి నడిపే మూడు వరసల ప్రోగ్రాము వ్రాయించండి. వినవచ్చే ముతక గొణుగుడు నుండి తంబురా దాకా ఉన్న దూరమెంతో వారికే తెలుస్తుంది.

మా శ్రుతిపెట్టె తిత్తి మరుసటి వేసవిలో బెజవాడలో బాగుపడింది. అందాకా ఆరు నెలలపాటు అమ్మాయి ఆ నల్లపెట్టె ప్రక్కనే కూర్చుండి సాధన చేసింది. ఆమె షడ్జం మళ్ళీ జారలేదు. ఈనాడు చేతిలోని ఫోను అసలైన తంబురాను ముద్రించుకొని, అడిగిన శ్రుతిలో వినిపిస్తుంది. అది నాకూ సంతోషమే. కాని పంచమం ఎందుకు నిలుస్తుందో, ఎందుకు వణుకుతుందో ఫోను నాకు నేర్పలేదు. ఒక్క తీగె, రెండు స్థానాలు, లెక్కించదగిన కాలం - ఇవే నాకు నేర్పాయి. నాకు లెక్కలో తేలిన తప్పు, లెక్క తెలియని మా శ్రీమతి చెవికి ఒక్క నిమిషంలో తెలిసిపోయింది. ఆ చెవి ఎన్నేళ్ళ సాధన ఫలితమో నాకు ఆనాడు అర్థమైంది.

ఇప్పుడు మా అమ్మాయి తన కూతురికి సరళీ వరుసలు చెబుతున్నది. మొన్న అటక మీది నుండి ఆ పెట్టెను దింపి, టేపు ఎక్కించి, మనుమరాలికి వినిపించాను. పిల్ల చెవి దగ్గరగా పెట్టి విని, "తాతగారూ, లోపల ఎంతమంది పాడుతున్నారు?" అని అడిగింది.

"ఒక్కరే నమ్మా. చాలా తొందరగా పాడుతున్నారు" అన్నాను.